యాప్‌లు చేయడం మొదలుపెట్టాలంటే ఎలాంటి ల్యాప్‌టాప్ కొనాలి, ఇంకేం కావాలి?

మీరు అడిగింది ఇదీ: డిగ్రీ రెండో ఏడు చదువుతున్నారు, ఆండ్రాయిడ్ యాప్‌లు చేయడం నేర్చుకోవాలని ఉంది. ఇంట్లో 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్, చేతిలో ఒక రెడ్‌మీ ఫోన్ ఉన్నాయి. నాన్నగారు 50 వేల వరకు సర్దుతానన్నారు. ఒక ఫ్రెండ్ గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకోమన్నాడు. ఇంకొకరు మ్యాక్ లేకుండా ఈ లైన్‌లోకి రావద్దన్నారు. కోచింగ్ సెంటర్‌లో ఐ7 ప్రాసెసర్ ఉండాల్సిందే అన్నారు. ఎవరి మాట వినాలి, అప్పు చేసైనా ఖరీదైనది కొనాలా అని టెన్షన్ పడుతున్నారు.

అప్పు చేయొద్దు. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఓ మోస్తరు ప్రాసెసర్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్ ఒకటి. మీ దగ్గరున్న రెడ్‌మీ ఫోన్. డేటా కూడా వెళ్లే యూఎస్‌బీ కేబుల్ ఒకటి. మొదటి ఏడాదికి ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. పదేళ్లకు పైగా హైదరాబాద్‌లో ఆండ్రాయిడ్ యాప్‌లు చేస్తున్నాను, ఆఫీసులో చేరే ఫ్రెషర్లకు పని నేర్పుతున్నాను. ఆ అనుభవంతో చెబుతున్న మాట ఇది. డబ్బంతా ముందు ర్యామ్ మీద, తర్వాత ఎస్‌ఎస్‌డీ మీద పెట్టండి. మిగతావన్నీ ఆ తర్వాతే.

ర్యామ్ గురించి ఎందుకింత పట్టుబడుతున్నానో మీరే చూడొచ్చు. ఆండ్రాయిడ్ యాప్‌లు చేయడానికి గూగుల్ ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఆండ్రాయిడ్ స్టూడియో. అది ఉన్న ఏ ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లోనైనా ఒక చిన్న ప్రాజెక్ట్ రన్ చేసి, టాస్క్ మేనేజర్ తెరిచి, మెమరీ అని ఉన్న కాలమ్ మీద నొక్కండి. పైన స్టూడియో కనబడుతుంది, ఒకటిన్నర రెండు జీబీ పట్టుకుని. దాని కింద ‘ఓపెన్‌జేడీకే ప్లాట్‌ఫాం బైనరీ’ అనే పేరుతో రెండు మూడు వరసలుంటాయి. అందులో ఒకటి మీ యాప్‌ను తయారుచేసే గ్రేడిల్, ఇంకొకటి కోట్లిన్ అనే భాషలో మీరు రాసిన కోడ్‌ను ఫోన్‌కు అర్థమయ్యేలా మార్చే కంపైలర్. రెండూ కలిపి మరో రెండు జీబీ. ఎమ్యులేటర్, అంటే కంప్యూటర్‌లోనే నడిచే ఉత్తుత్తి ఫోన్, ఆన్‌లో ఉంటే అది రెండు నుంచి నాలుగు జీబీ తీసుకుంటుంది. డౌట్లు వెతుక్కోవడానికి క్రోమ్‌లో పది ట్యాబ్‌లు, పాఠం వినడానికి యూట్యూబ్ ఎలాగూ ఉంటాయి. వీటన్నిటికీ ముందే విండోస్ తన వాటా మూడు జీబీ తీసేసుకుని ఉంటుంది.

ఇప్పుడు కూడితే 8 జీబీ ఎప్పుడో దాటిపోయింది. అక్కడి నుంచి విండోస్ ఆ మిగిలిందాన్ని డిస్క్ మీదకు నెట్టి నెట్టుకొస్తుంది. మీరు ఒక అక్షరం కొడితే అది స్క్రీన్ మీదకు రావడానికి సెకను పడుతుంది. రన్ బటన్ నొక్కి టీ తాగి రావాల్సి వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు గంటకు ఇరవై ముప్పై సార్లు రన్ చేసి చూసుకోవాలి, తప్పు ఎక్కడుందో అలాగే తెలుస్తుంది. ఆ వేగం తగ్గిందంటే నేర్చుకోవడమే ఆగిపోతుంది. నాకు ప్రోగ్రామింగ్ రాదు, నా వల్ల కాదు అనుకుని వదిలేసిన పిల్లల్ని చూశాను. వాళ్లలో చాలామందికి అడ్డుపడింది ర్యామే. గూగుల్ కూడా ఆండ్రాయిడ్ స్టూడియోకు కనీసం 8 జీబీ అని రాస్తూనే, ఎమ్యులేటర్ కూడా వాడాలంటే 16 ఉండాలంటోంది.

ఐ7 సంగతికి వద్దాం. స్టిక్కర్ చూసి మోసపోవద్దు, ఎన్నో జనరేషన్ అన్నది చూడాలి. ల్యాప్‌టాప్‌లలో వచ్చిన ఏడో జనరేషన్ ఐ7-7500యూ అనే చిప్‌లో ఉన్నవి రెండే కోర్లు, అంటే విడివిడిగా పనిచేసే భాగాలు. దాని తర్వాత 2017లో వచ్చిన ఎనిమిదో జనరేషన్ ఐ5-8250యూలో నాలుగు కోర్లున్నాయి. గ్రేడిల్ తన పనిని కోర్లన్నిటికీ పంచుతుంది కాబట్టి ఈ పనికి ఆ ఐ5యే మేలు. పైగా విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే అధికారికంగా అవకాశం ఉంది. విండోస్ 10కు ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. కాబట్టి సెకండ్‌హ్యాండ్‌లో ఎనిమిదో జనరేషన్‌కు కిందది ఎంత చవకగా వచ్చినా వద్దనండి. కొత్తదైతే ఈమధ్య వచ్చిన ఏ ఐ5 అయినా, ఏఎండీ రైజెన్ 5 అయినా నిక్షేపంగా సరిపోతుంది.

గ్రాఫిక్స్ కార్డుతో మీకు పని లేదు. 3డీ గేమ్‌లు చేయాలనుకుంటే వేరే సంగతి. మామూలు యాప్‌లకు దాని మీద పెట్టే డబ్బు, ఆ బరువు, తొందరగా అయిపోయే బ్యాటరీ అన్నీ దండగ. స్క్రీన్ మాత్రం ఫుల్ హెచ్‌డీ ఉండేలా చూసుకోండి. పాత 1366 బై 768 ప్యానెల్ మీద ఒక పక్క కోడ్, ఇంకో పక్క ప్రివ్యూ పెట్టుకుంటే రెండూ కనబడవు.

కొత్త ల్యాప్‌టాప్ చూసేటప్పుడు రెండు విషయాలు అడగాలి. ర్యామ్ బోర్డుకు అతికించేశారా, స్లాట్ ఉందా? పల్చటి మోడళ్లలో చాలావాటికి 8 జీబీ అతికించేసి వదిలేస్తారు, జీవితాంతం అంతే. ఒక ఖాళీ స్లాట్ ఉంటే 8 జీబీతో కొని, రేపు ఇంకో 8 వేసుకోవచ్చు. రెండోది, స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్‌తో వచ్చే విండోస్ ల్యాప్‌టాప్‌లు. బ్యాటరీ బాగా వస్తుంది, చూడముచ్చటగా ఉంటాయి, కానీ గూగుల్ చెప్పే సిస్టమ్ అవసరాల్లో విండోస్ మీద ఇలాంటి ఏఆర్‌ఎం రకం ప్రాసెసర్లకు సపోర్ట్ లేదని రాసి ఉంటుంది. మీ పనికి అవి వద్దు.

నన్నడిగితే సెకండ్‌హ్యాండే మంచి దారి. కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్‌లు, డెల్ లాటిట్యూడ్‌లు మార్కెట్‌లో బోలెడు. థింక్‌ప్యాడ్ టీ480, లాటిట్యూడ్ 5490 లాంటి వాటిలో రెండేసి ర్యామ్ స్లాట్లున్నాయి. ఎనిమిదో జనరేషన్ ఉన్నదే అడగండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, అక్కడి చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)లో ఇవి వరసగా దొరుకుతాయి, మీ దగ్గరి పట్నంలోనూ ఒకటి రెండు షాపులుంటాయి. ర్యామ్ ధరలు ఊగుతూ ఉంటాయి కాబట్టి అంకె చెప్పను, రెండు మూడు షాపులు తిరిగి అడగండి.

షాపులో డబ్బు కట్టకముందే చేయాల్సిన పరీక్ష ఒకటుంది, దీన్ని ఎవరూ చెప్పరు. ల్యాప్‌టాప్ ఆపి ఆన్ చేస్తూ థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1, డెల్‌లో ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ రాకముందే తెరుచుకునే సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. పాస్‌వర్డ్ అడిగితే అక్కడే ఆగిపోండి. కంపెనీ పెట్టిన తాళం అది, షాపతనికీ తెలియకపోవచ్చు. బయోస్‌లోకి వెళ్లలేకపోతే వర్చువలైజేషన్, అంటే ఒక కంప్యూటర్ లోపల ఇంకో మెషీన్‌ను నడపనిచ్చే సెట్టింగ్, ఆన్ చేయలేరు, అది ఆన్‌లో లేకపోతే ఎమ్యులేటర్ సరిగా నడవదు. పాస్‌వర్డ్ లేకపోతే ఆ ఆప్షన్ ఆన్ చేసి సేవ్ చేయండి. విండోస్‌లోకి వచ్చాక టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, సీపీయూ చూస్తే వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అని ఉండాలి. తర్వాత బ్యాటరీ రిపోర్ట్ తీయించండి. విండోస్‌లోనే ఆ కమాండ్ ఉంది, షాపువాళ్లకు తెలుసు. బ్యాటరీ తయారైనప్పటి కెపాసిటీ ఎంత, ఇప్పుడు నిండుతున్నది ఎంత అని రెండు అంకెలు వస్తాయి. రెండోది మొదటిదాంట్లో సగానికి పడిపోయి ఉంటే బ్యాటరీ మార్పించి ఇవ్వమనండి, లేదా ఆ మేరకు ధర తగ్గించమనండి. కరెంటు పోయే ఊళ్లో ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి కీ ఒకసారి నొక్కి చూడండి. స్క్రీన్‌ను నాలుగైదుసార్లు మూసి తెరవండి.

ఇక ఫోన్. ఇక్కడ మీరు అదృష్టవంతులు, ఎందుకంటే మీ దగ్గర ఉన్నది మీ యాప్ వాడబోయేవాళ్ల దగ్గరుండే ఫోనే. ఖరీదైన ఫోన్‌లో బాగున్న యాప్ మామూలు ఫోన్‌లో బాగుంటుందన్న నమ్మకం లేదు. మామూలు ఫోన్‌లో చక్కగా నడిస్తే చాలాచోట్ల నడుస్తుంది.

కంప్యూటర్‌లో చేసిన యాప్‌ను ఫోన్‌లోకి ఎక్కించాలంటే ముందు, రెడ్‌మీలో సెట్టింగ్స్‌కు వెళ్లి, అబౌట్ ఫోన్‌లో ఓఎస్ వెర్షన్ మీద ఏడుసార్లు వరసగా తట్టండి. వేరే ఫోన్లలో అయితే బిల్డ్ నంబర్ అని ఉంటుంది. ‘మీరిప్పుడు డెవలపర్’ అని ఇంగ్లీషులో కింద ఒక చిన్న మెసేజ్ వస్తుంది. తర్వాత డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయాలి. రెడ్‌మీలో దీనికి తోడు ‘ఇన్‌స్టాల్ వయా యూఎస్‌బీ’ అని ఇంకో స్విచ్ ఉంటుంది. దానికి షావోమీ అకౌంట్‌తో లాగిన్ అవ్వాలి, సిమ్ కూడా ఫోన్‌లో ఉండాలి. చాలామంది ఈ రెండో స్విచ్ దగ్గరే ఇరుక్కుపోతారు. ఫోన్ కనబడుతుంది, యాప్ మాత్రం ఎక్కదు.

ఫోన్ అసలు కనబడకపోతే ముందు కేబుల్‌ను అనుమానించండి. కొన్ని చవక కేబుళ్లలో చార్జింగ్ తీగలు మాత్రమే ఉంటాయి, డేటా తీగలుండవు. గుచ్చగానే ఫోన్‌లో ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ అనే ఆప్షన్ వస్తే కేబుల్ మంచిదే. ఆ తర్వాత ఈ కంప్యూటర్‌ను అనుమతించాలా అని ఫోన్ అడుగుతుంది, ఎప్పటికీ అనుమతించు అని టిక్ పెట్టి ఓకే నొక్కండి. మీ ఫోన్‌లో ఆండ్రాయిడ్ 11 గానీ, ఆపైది గానీ ఉంటే వైఫై మీద కేబుల్ లేకుండానూ కలపొచ్చు. కంప్యూటర్ తెర మీద ఫోన్ చూడాలంటే ‘ఎస్‌సీఆర్‌సీపీవై’ అనే ఉచిత టూల్ ఉంది, చక్కగా పనిచేస్తుంది.

నిజం ఫోన్ మీద చూడమని నేను పట్టుబట్టడానికి ఇంకో కారణం తెలుగు. మీ యాప్‌లో ఒక బటన్ పెట్టి దాని మీద ‘లక్ష్మి’, ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ అని రాసి చూడండి. మన అక్షరాలకు పైన గుడులుంటాయి, కింద ఒకదాని కింద ఒకటిగా వత్తులుంటాయి. ఇంగ్లీషు కొలతలతో బటన్ ఎత్తును ఇంతే అని బిగించేస్తే ‘ష్ట్ర’ కింద వత్తు సగం తెగిపోతుంది. ఎత్తు బిగించకుండా లోపలి అక్షరాన్ని బట్టి పెరిగేలా వదిలేయండి. అక్షరాల పైనా కిందా ఉండే ఖాళీని తీసేయమని ఇంటర్నెట్‌లో సలహాలుంటాయి, తెలుగు యాప్‌లో ఆ పని అసలు చేయొద్దు. ఆండ్రాయిడ్ 15ను టార్గెట్ చేసే, అంటే ఆ వెర్షన్‌కు తగ్గట్టు తయారుచేసే, యాప్‌లలో తెలుగు, తమిళం, కన్నడం లాంటి లిపులకు నిలువు చోటు ఎక్కువ ఇచ్చే సెట్టింగ్ దానంతట అదే ఆన్ అవుతుంది. పాత ఆండ్రాయిడ్ ఉన్న ఫోన్లలో మాత్రం మీరే చూసుకోవాలి. అలాగే ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు అన్నిటికంటే పెద్దది చేసి మీ యాప్ తెరవండి. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఫోన్ వాడేది అలాగే. వాళ్ల కళ్లకు తెలుగు తెగకుండా కనబడితే ఆ యాప్ చేసినవాళ్ల మీద నాకు గౌరవం కలుగుతుంది.

ఇంకా కొన్ని ఇబ్బందులు ఫోన్‌లో తప్ప బయటపడవు. కొన్ని కంపెనీల ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం వెనకాల నడిచే పనులను ఆపేస్తాయి. మందు వేసుకునే టైమ్ గుర్తుచేసే యాప్ చేశారనుకోండి, ఎమ్యులేటర్‌లో టంచనుగా మోగుతుంది, ఫోన్‌లో రాత్రంతా ఉంచితే పొద్దున మోగకపోవచ్చు. ఎమ్యులేటర్ పనికిరాదని కాదు. వేరే సైజు స్క్రీన్లు, ట్యాబ్లెట్, మీ దగ్గర లేని ఆండ్రాయిడ్ వెర్షన్ చూడాలంటే అదే దిక్కు. పాత వీడియోల్లో ఎమ్యులేటర్ వేగం కోసం హ్యాక్సమ్ అనే ఇంటెల్ టూల్ వేయమంటారు. ఇంటెల్ దాన్ని 2023లోనే ఆపేసింది, దాని కోసం వెతకొద్దు.

సాఫ్ట్‌వేర్‌కు రూపాయి ఖర్చు లేదు. ఆండ్రాయిడ్ స్టూడియో ఉచితం, జావా కిట్ దాంతోపాటే వస్తుంది, విడిగా వేయక్కర్లేదు. భాష ఏదన్న ప్రశ్నకు నా సమాధానం కోట్లిన్, స్క్రీన్లు తయారుచేయడానికి గూగుల్ ఇచ్చే జెట్‌ప్యాక్ కంపోజ్. ఆండ్రాయిడ్‌కు కోట్లిన్‌దే మొదటి స్థానం అని గూగుల్ 2019లోనే ప్రకటించింది, కంపోజ్ 1.0 వెర్షన్ 2021లో వచ్చింది. అంతకంటే ముందు తీసిన జావా పాఠాలు, ఎక్స్‌ఎంఎల్ లేఅవుట్ల పాఠాలు కొత్తగా మొదలుపెట్టేవాళ్లను అయోమయంలో పడేస్తాయి. ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్‌కు, ఐఫోన్‌కు యాప్‌లు చేయనిచ్చే ఫ్లట్టర్ కూడా మంచిదే, వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో తేలిగ్గా నడుస్తుంది. అయితే దానికీ అడుగున గ్రేడిలే ఉంటుంది, ఎర్రర్ వచ్చినప్పుడు ఆండ్రాయిడ్ గురించి తెలిసినవాళ్లే తొందరగా బయటపడతారు. అందుకే మొదటి ఆరు నెలలు కోట్లిన్ మీద ఉండండి. కోడ్‌లో చేసిన మార్పులన్నీ దాచిపెట్టే గిట్ అనే టూల్‌ను మొదటి రోజు నుంచే నేర్చుకుని, ప్రతి సాయంత్రం కోడ్‌ను గిట్‌హబ్ అనే సైట్‌లోకి పంపండి. పెన్‌డ్రైవ్‌లో కాపీలు దాచుకునే అలవాటు వద్దు.

ఇంటర్నెట్ గురించి ముందే చెప్పాలి. స్టూడియో, దానికి కావాల్సిన ఆండ్రాయిడ్ టూల్స్ (ఎస్‌డీకే), ఒక ఎమ్యులేటర్ ఇమేజ్, మొదటి ప్రాజెక్ట్ తెరవగానే గ్రేడిల్ దింపుకునే లైబ్రరీలు అన్నీ కలిపి నాలుగైదు జీబీ దాటుతాయి. రోజుకు 2 జీబీ ప్యాక్‌తో ఫోన్ హాట్‌స్పాట్ మీద కూర్చుంటే మధ్యలో ఆగిపోయి, వింత ఎర్రర్లు వస్తాయి, తప్పు మీదేమో అనుకుంటారు. మొదటి రోజు మాత్రం ఫైబర్ కనెక్షన్ ఉన్న ఫ్రెండ్ ఇంట్లోనో, కాలేజీ ల్యాబ్‌లోనో కూర్చుని అంతా దింపేసుకోండి. అక్కడే ఖాళీ ప్రాజెక్ట్ ఒకటి రన్ చేసి మరీ లేవండి, లైబ్రరీలు వచ్చేది అప్పుడే. ఆ తర్వాత రోజువారీ పనికి ఫోన్ డేటా చాలు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విండోస్ యూజర్ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టుకోండి. ప్రాజెక్టులు వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో పెట్టొద్దు. బిల్డ్ చేసే ప్రతిసారీ వేల ఫైళ్లు పుడుతూ చెరిగిపోతూ ఉంటాయి, వాటిని వన్‌డ్రైవ్ పైకి పంపాలని చూస్తుంది, రెండూ కొట్టుకుంటాయి. విండోస్ డిఫెండర్ నుంచి ఈ ఫోల్డర్లను మినహాయించాలా అని స్టూడియో అడిగితే సరే అనండి, బిల్డ్ వేగం పెరుగుతుంది.

మ్యాక్ గురించి చెప్పినవాళ్ల మాటలో సగం నిజముంది. ఐఫోన్ యాప్ చేయాలంటే ఆపిల్ వారి ఎక్స్‌కోడ్ అనే సాఫ్ట్‌వేర్ కావాలి, అది మ్యాక్‌లో తప్ప నడవదు. ఫ్లట్టర్‌లో, దానిలాంటిదే అయిన రియాక్ట్ నేటివ్‌లో రాసినా చివరికి ఐఫోన్ కోసం బిల్డ్ చేసేది మ్యాకే, అది మీదైనా కావాలి, ఇంటర్నెట్‌లో అద్దెకు దొరికేదైనా కావాలి. యాప్ స్టోర్‌లో పెట్టడానికి ఏడాదికి 99 డాలర్లు, ఏటా కట్టాలి. మీరు అడిగింది ఆండ్రాయిడ్ కాబట్టి ఇప్పుడు ఇవేవీ అవసరం లేదు. రేపు ఉద్యోగం కోసమో, క్లయింట్ కోసమో ఐఫోన్ పని వస్తే అప్పుడు మ్యాక్ మినీ చూడండి. ఎం4 మోడల్ 2024లో 16 జీబీతో 59,900 రూపాయల ధరకు మన దేశంలో వచ్చింది, స్క్రీన్, కీబోర్డ్ విడిగా కొనుక్కోవాలి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. సెకండ్‌హ్యాండ్‌లో ఇంటెల్ మ్యాక్‌బుక్‌లు చవకగా కనబడతాయి, కొనొద్దు. ఇంటెల్ మ్యాక్‌లకు మ్యాక్‌ఓఎస్ 26 టాహోయే ఆఖరి వెర్షన్ అని ఆపిల్ 2025లో చెప్పేసింది.

ప్లే స్టోర్‌కు ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు. దానికి ఇంటర్నేషనల్ పేమెంట్లు ఆన్ చేసి ఉన్న కార్డు కావాలి. రిజర్వ్ బ్యాంక్ 2020లో పెట్టిన నిబంధన వల్ల కొత్త కార్డుల్లో అది ఆఫ్ చేసే ఇస్తారు, బ్యాంకు యాప్‌లో మీరే ఆన్ చేసుకోవాలి. ఇప్పుడే కట్టేయాలని తొందరపడకండి. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత అకౌంట్లకు, యాప్‌ను అందరికీ విడుదల చేయకముందు కనీసం 12 మంది వరసగా 14 రోజులు టెస్ట్ చేయాలన్న షరతు ఉంది. క్లాస్‌మేట్లు, చుట్టాలు ఆ పన్నెండు మందీ దొరుకుతారు, కానీ వాళ్లకు ఇవ్వడానికి ముందు యాప్ అంటూ ఉండాలి కదా. అందాకా ఏపీకే ఫైల్‌ను, అంటే ప్లే స్టోర్ లేకుండా నేరుగా ఇన్‌స్టాల్ చేసుకునే యాప్ ఫైల్‌ను, ఫ్రెండ్స్‌కు పంపి వాడించండి.

ల్యాప్‌టాప్ వచ్చేదాకా ఆ 4 జీబీ పాతదాన్ని పక్కన పడేయకండి. దాంట్లో స్టూడియో వేయొద్దు, విసుగొస్తుంది. బ్రౌజర్‌లో కోట్లిన్ ప్లేగ్రౌండ్ తెరిస్తే ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే కోట్లిన్ రాసి రన్ చేయొచ్చు. వేరియబుల్స్, ఫంక్షన్లు, లిస్టులు, క్లాసులు, నల్ దగ్గర జాగ్రత్తలు అన్నీ అక్కడే వస్తాయి. వడ్డీ లెక్క, మార్కుల సగటు, కొట్టు ఖాతా లాంటి చిన్న ప్రోగ్రాములు రాయండి. గిట్ కమాండ్లు కూడా ఆ మెషీన్‌లోనే నేర్చుకోవచ్చు. కాగితం మీద మీ మొదటి యాప్ స్క్రీన్లు పెన్సిల్‌తో గీసుకోండి, ఏ బటన్ నొక్కితే ఏ స్క్రీన్ వస్తుందో బాణాలు వేసి. నెల రోజులు ఇలా చేసినవాళ్లు స్టూడియో తెరిచిన మొదటి వారంలోనే ఏదో ఒకటి నడిపి చూపిస్తారు.

షాపుకు వెళ్లే ముందు మీరు చూసుకున్న మోడల్ పేరు, ప్రాసెసర్ పూర్తి నంబర్, ర్యామ్ స్లాట్లు ఎన్ని ఉన్నాయో రాయండి. డబ్బు కట్టకముందే చూసి చెబుతాను.